కారు బ్రేకు శబ్దం

కారు బ్రేకు శబ్దం అంటే బ్రేకు వేసినప్పుడు గాని, చక్రం తిరుగుతున్నంతసేపు గాని బ్రేకు భాగాల నుండి వెలువడే కీచుధ్వని లేక గరగర శబ్దం. ఇది అన్ని వేళలా ప్రమాద సూచన కాదు. అయితే కొన్ని శబ్దాలు బ్రేకు అరిగిపోయిందనడానికి తొలి హెచ్చరికలు. శబ్దం ఎంత బిగ్గరగా ఉన్నది అన్నదాని కంటే, అది ఎప్పుడు వస్తున్నది, ఎప్పుడు ఆగుతున్నది అన్న పరిశీలన వలననే కారణం తెలుస్తుంది.

శబ్దం పుట్టే విధం

డిస్కు బ్రేకులో చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెమే డిస్కు. క్యాలిపర్‌లో ఉండే రెండు ప్యాడ్లు దానిని ఇరుప్రక్కల నుండి నొక్కుతాయి. ఘర్షణ వలన కారు గతిజశక్తి ఉష్ణంగా మారుతుంది. 1000 కిలోల కారును గంటకు 40 కిలోమీటర్ల వేగం నుండి ఆపితే సుమారు 62,000 జౌళ్ళ శక్తి ఇలా మారుతుంది. ఈ ఘర్షణ సమంగా లేనప్పుడు ప్యాడు, డిస్కు, క్యాలిపర్ కలిసి కంపిస్తాయి. కంపనాలు సెకనుకు 1000కి మించితే కీచుమని వినిపిస్తుంది. వయొలిన్ తీగపై కమాను రాసినప్పుడు నాదం పుట్టడం కూడా ఇటువంటిదే.

ఇది కొత్త సమస్య కాదు. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. అందులో రాగి ప్యాడ్లు డిస్కును రాసుకొని కర్ణకఠోరమైన శబ్దం చేసేవి.

నగర ప్రయాణంలో

హైదరాబాదులో కంప్యూటరు శిక్షణా సంస్థలకు పేరొందిన మైత్రీవనం నుండి అమీర్‌పేట మీదుగా పంజగుట్ట వరకు గల దారిలో రద్దీ వేళల్లో వాహనాలు ఆగి ఆగి సాగుతాయి. డ్రైవరు పెడల్‌ను మాటిమాటికి, తేలికగా నొక్కవలసి వస్తుంది. కీచుధ్వని సాధారణంగా తక్కువ వేగంలో, తేలిక ఒత్తిడిలోనే ఎక్కువగా పుడుతుంది. బాహ్యవలయ రహదారిపై నిశ్శబ్దంగా సాగిన కారు మైత్రీవనం కూడలిలో కీచుమనడానికి ఇదొక కారణం.

శబ్దాన్ని బట్టి కారణం

1. వాన కురిసిన మరునాటి ఉదయం వినిపించి, నాలుగైదు సార్లు బ్రేకు వేయగానే పోయే శబ్దం: డిస్కుపై రాత్రి పట్టిన తుప్పు. మరమ్మత్తు అక్కరలేదు.
2. ప్యాడ్లు తగినంత మందంగా ఉన్నా బ్రేకు వేసినప్పుడు వచ్చే కీచుధ్వని: ప్యాడు వేడికి నున్నబడి ఉండవచ్చు, లేదా దాని వెనుక కంపనాన్ని తగ్గించే పలుచని రేకు (షిమ్) లోపించి ఉండవచ్చు.
3. చక్రం తిరుగుతున్నంతసేపు వచ్చే సన్నని కీచుధ్వని: కొన్ని కార్లలో ప్యాడు 2-3 మిల్లీమీటర్ల మందానికి అరిగినప్పుడు డిస్కును తాకేలా ఒక ఉక్కు నాలుకను అమర్చుతారు. ప్యాడ్లు మార్చవలసిన సమయం వచ్చిందని దీని అర్థం.
4. ఇనుము ఇనుమును రాసినట్లు గరగర శబ్దం: ప్యాడు పూర్తిగా అరిగి, దాని ఉక్కు పలకే డిస్కును తాకుతూ ఉండవచ్చు. ఆ కారును నడపరాదు.
5. బ్రేకు వేయకున్నా వినిపిస్తూ, మలుపుల్లో మారే హోరు: ఇది బ్రేకుది కాక చక్రపు బేరింగుది కావచ్చు.

ప్యాడ్లు మార్చినా పోని శబ్దం

కొత్త ప్యాడ్లు వేసిన తరువాత కూడా శబ్దం కొనసాగితే మళ్ళీ ప్యాడ్లనే మార్చడం వలన ప్రయోజనం తక్కువ. తీసివేసిన పాత ప్యాడ్లను మెకానిక్కును అడిగి చూడాలి. ఒకే చక్రపు లోపలి ప్యాడు, వెలుపలి ప్యాడు అసమానంగా అరిగి ఉంటే, క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకొని ఉండవచ్చు. వాటిని శుభ్రపరచి తగిన గ్రీజు పూయాలి. డిస్కుపై లోతైన గాట్లు ఉన్నా, తయారీదారు నిర్దేశించిన కనిష్ఠ మందం కంటే అది పలచబడినా మార్చాలి. వెనుక డ్రమ్ము బ్రేకులు ఉన్న కార్లలో డ్రమ్ములను విప్పి షూలను పరిశీలించాలి.

జాగ్రత్తలు

శబ్దం పోతుందని ప్యాడ్లపై, డిస్కుపై నూనె గాని గ్రీజు గాని పూయరాదు. ఘర్షణ తగ్గి బ్రేకు పట్టదు. పాత ప్యాడ్ల దుమ్ములో ఆరోగ్యానికి హానికరమైన ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, కనుక దానిని గాలితో ఊదకుండా తడిబట్టతో తుడవాలి. ప్రయాణం ముగిసిన వెంటనే డిస్కును తాకరాదు. కేవలం జాకీపై నిలిపిన కారు క్రిందకు వెళ్ళరాదు.

ఇవి కూడా చూడండి

ఘర్షణ
అనునాదం
అమీర్‌పేట