తెల్ల కుర్తా మీద పసుపు మరక

దావత్‌లో భోంచేస్తుంటే తెల్ల కుర్తా మీద దాల్చా చుక్క పడుతుంది. ఇంటికొచ్చి సబ్బు రుద్దగానే ఆ పసుపు మరక ఎర్రబడుతుంది. మనందరం చూసిందే. "సబ్బులో ఎరుపు లేదు కదా సార్, మరి ఎక్కడి నుంచి వచ్చింది?" అని ఏడో తరగతి అమ్మాయి ఒకరోజు అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు, వంటిల్లు చాలు.

చెంచాడు పసుపులో కొద్దిగా నీళ్లు కలిపి ముద్ద చేయాలి. తెల్ల కాగితం మీద పలచగా పూసి నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే పసుపు రంగు వెలిసిపోతుంది. ఆరాక వేలి వెడల్పున ముక్కలు కత్తిరించుకోవాలి. ఒక్కో ముక్క మీద ఒక్కో చుక్క వేయాలి: సబ్బునీళ్లు, వంటసోడా నీళ్లు, సున్నపు తేట, నిమ్మరసం, చింతపండు రసం. ఏది ఏ రంగు ఇస్తుందో పిల్లలు ముందే ఊహించి రాసుకోవాలి. సున్నపు తేట మాత్రం పెద్దవాళ్లే వేయాలి, కంట్లో పడితే ప్రమాదం. స్నానాల గది కడిగే ఆసిడ్ జోలికి అసలు పోవద్దు.

మొదటి మూడూ ఎరుపు ఇస్తాయి. పులుపు తగిలిన ముక్కలు పసుపుగానే ఉంటాయి. ఎర్రబడిన ముక్క మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు వస్తుంది. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే కొద్దిగా మార్పు చెంది ఎరుపుగా కనిపిస్తుంది. ఆమ్లం ఆ క్షారాన్ని తటస్థం చేయగానే తిరిగి పాత రూపానికి వస్తుంది. ఇలాంటి వాటినే సూచికలు అంటాం. అయితే మంచినీళ్లకూ నిమ్మరసానికీ తేడా పసుపు చెప్పలేదు. దానికి ఎర్ర మందారం ఉంది. రేకులను వేడినీళ్లలో నానబెట్టిన రసం ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకు, క్షారంలో ఆకుపచ్చకు మారుతుంది.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లోనే 16 పాఠశాలల్లో పిల్లలే ప్రయోగాలు చేస్తూ సైన్సు నేర్చుకునే కార్యక్రమం మొదలైంది. పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేసి చూపిన అరవింద్ గుప్తా గారికి 2018లో పద్మశ్రీ వచ్చింది.

నా ఉద్యోగం తొలినాళ్లలో ఒక పాఠశాలలో దాతలిచ్చిన సామగ్రి గాజు బీరువా నిండా ఉండేది. బీరువాకు తాళం ఉండేది. పగిలితే జవాబుదారీ ఎవరన్న భయంతో ఎవరూ తీసేవారు కాదు. తాళంచెవి అడగడానికి నేనూ జంకాను. పరీక్షనాళిక ఒక్కసారైనా ముట్టుకోకుండానే పిల్లలు పదో తరగతి దాటి వెళ్లిపోయారు. ఆ తప్పులో నా వాటా ఉంది.

అందుకే దాతలకు ఒక మనవి. బడికి సైన్సు సామగ్రి ఇచ్చేటప్పుడు "ఇది పిల్లల చేతికి వస్తుందా?" అని అడగండి. ఖరీదైన బీరువాతోపాటు ఏటా అయిపోయే చిన్న వస్తువులకూ కొంత కేటాయించండి: పసుపు, నిమ్మకాయలు, బ్యాటరీ సెల్లులు, బల్బులు, అయస్కాంతాలు, భూతద్దాలు. పగిలినా, అరిగినా ఫరవాలేదని రాసి ఇవ్వండి. ఆ ఒక్క మాట ఉంటే ఉపాధ్యాయుడు ధైర్యంగా తాళం తీస్తాడు.