ఆర్‌ఎక్స్ 100ని కోసే ముందు ఒక్క నిమిషం!

మీ ఇంటి మెట్ల కిందో, అమ్మమ్మగారి ఊళ్లో పశువుల పాకలోనో ఓ పాత యమహా ఆర్‌ఎక్స్ 100 గోనెసంచి కప్పుకొని పడుందా? అయితే మీరు లక్కీ. కానీ రీల్స్ చూసి, ‘కేఫ్ రేసర్ చేసేద్దాం’ అని గ్రైండర్ మాత్రం పట్టుకోకండి.

1985లో మన దగ్గర మొదలైన ఈ బండి తయారీ 1996లో ఆగిపోయింది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, 11 హార్స్‌పవర్, బరువు సుమారు వంద కిలోలు. బరువు తక్కువ కాబట్టే ఆ పికప్! కొత్తవి ఇక రావు. అంటే ఒక ఫ్రేమ్ కోస్తే ఉన్నవాటిలో ఒకటి తగ్గినట్టే.

ముందు కాగితాలు

స్పానర్ కంటే ముందు ఆర్‌సీ వెతకండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. బండి తాతయ్య పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించుకోండి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో సరిపోలాలి. అనుమతి లేకుండా బండి నిర్మాణం మారిస్తే ఓనర్‌కి ఒక్కో మార్పుకి రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకూ జైలు, ఒక్కోసారి రెండూ పడొచ్చు. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించాల్సిందే.

తర్వాత ఇంజిన్

మా నాన్న బండి ఏళ్ల తరబడి కదల్లేదు. వీకెండ్స్‌లో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే పని మొదలెట్టా. విప్పే ప్రతి భాగానికీ ఫొటో, ప్రతి బోల్టుకీ పేరు రాసిన జిప్ కవరు. మళ్లీ బిగించేటప్పుడు ఇవే దిక్కు.

పాత పెట్రోల్ పూర్తిగా తీసేయండి. ట్యాంకులో తుప్పుంటే వెనిగర్ పోసి ఒకట్రెండు రోజులు ఉంచి, బాగా కడిగి ఆరబెట్టండి. కార్బొరేటర్ జెట్లలో గడ్డకట్టిన జిగురు వదిలించండి. ట్యాంకుకి వెల్డింగ్ మాత్రం ఇంట్లో వద్దు. ఖాళీగా కనిపించినా లోపలి ఆవిరి పేలుతుంది.

చాలామంది పట్టించుకోనిది క్రాంక్ ఆయిల్ సీల్స్. టూ స్ట్రోక్‌లో ఇవి ఎండిపోతే గాలి లోపలికి దూరుతుంది. మిశ్రమంలో పెట్రోల్ తగ్గి, ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. చూడ్డానికి చిన్న రబ్బరు ముక్కే. కానీ పోతే బోరింగ్ దాకా ఖర్చు. బోరింగ్, క్రాంక్ పనులు లేత్ ఉన్న అనుభవజ్ఞుడికే ఇవ్వండి. మిగతావి మనం నేర్చుకోవచ్చు.

ఇంజిన్ తర్వాత బ్రేకులు, వైరింగ్, టైర్లు. పెయింట్ చివర్న!

కోత లేని కస్టమ్

‘వెనక ఫ్రేమ్ కోసి సింగిల్ సీట్ పెట్టెయ్ రా’ అని ఫ్రెండ్స్ తెగ చెప్పారు. నాన్న ఏమీ అనలేదు. వెనక సీటు మీద చెయ్యి వేసి, ‘మీ అమ్మ కూర్చునేది ఇక్కడే’ అన్నారంతే. ఫ్రేమ్ జోలికి పోలేదు. సీటు కవరు, గ్రిప్పులు, అద్దాలు మార్చా. పాతవన్నీ అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి.

నా లెక్క సింపుల్. ఏ మార్పు చేసినా, విప్పితే బండి పాత రూపానికి రావాలి. కోడ్‌కి అన్‌డూ ఉంది, గ్రైండర్‌కి లేదు. ఈ ఆదివారం పాత బండి దుమ్ము దులుపుతారా? అయితే ముందు ఆర్‌సీ ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.