ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉన్న గ్రాఫిక్స్ హార్డ్‌వేర్‌ను ఎంచుకోవడం

మీరు బెల్లంకొండలో ఉంటూ డిగ్రీ చదువుతున్నారనుకుందాం. గుంటూరు వెళ్లి ఒక పాత కంప్యూటర్ కొని, దానిలో లినక్స్ వేసుకోవాలని మీ ఆలోచన. ప్రాసెసర్, ర్యామ్ గురించి అందరూ అడుగుతారు; గ్రాఫిక్స్ చిప్‌కు ఏ డ్రైవర్ ఉందో అడిగేవారు తక్కువ. ఇంటికి తెచ్చాక తెర సరిగా రాకపోతే మళ్లీ ప్రయాణం తప్పదు. పాత వస్తువును దుకాణదారు వెనక్కి తీసుకోకపోవచ్చు. కనుక కొనేముందే ఏమి చూడాలో తెలుసుకుందాం.

1. డ్రైవర్ అంటే ఏమిటి?

ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పిన పనిని హార్డ్‌వేర్ చేత చేయించే ప్రోగ్రామే డ్రైవర్. లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్‌కు రెండు భాగాలుంటాయి. మొదటిది కెర్నెల్‌లో ఉండి డిస్‌ప్లేను, మెమరీని నడుపుతుంది. రెండవది అప్లికేషన్లు ఇచ్చే ఓపెన్‌జీఎల్, వల్కన్ ఆదేశాలను చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. ఈ రెండవ పనికి 1993లో బ్రయాన్ పాల్ ప్రారంభించిన మీసా ప్రాజెక్టు ఆధారం.

కెర్నెల్ తరచూ మారుతుంది. డ్రైవర్ సోర్స్ కోడ్ అందుబాటులో ఉంటే, తయారీ సంస్థ పాత చిప్‌ను వదిలేసినా ఇతరులు దానిని కొత్త కెర్నెల్‌కు తగినట్లు సవరించగలరు. కోడ్ మూసి ఉంటే ఆ అవకాశం ఉండదు.

2. ఏ సంస్థ చిప్ ఎలా ఉంటుంది?

ఇంటెల్: ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కు సంస్థే ఓపెన్ డ్రైవర్‌ను అందిస్తోంది. అయితే పవర్‌వీఆర్ గ్రాఫిక్స్ ఉన్న కొన్ని పాత ఆటమ్ యంత్రాలను కొనకండి.

ఏఎమ్‌డీ: 2007 నుంచి చిప్‌ల సాంకేతిక వివరాలను విడుదల చేయసాగింది. ఏఎమ్‌డీజీపీయూ డ్రైవర్ 2015లో లినక్స్ 4.2తో కెర్నెల్‌లో చేరింది. అంతకు ముందరి చిప్‌లకు రేడియాన్ డ్రైవర్ ఉంది. చిప్‌లోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ మాత్రం ఓపెన్ కాదు.

ఎన్విడియా: నూవో అనే ఓపెన్ డ్రైవర్‌ను చిప్ పనితీరును పరిశీలించి బయటివారు రాశారు. జీటీఎక్స్ 900, 10 శ్రేణుల డెస్క్‌టాప్ కార్డులకు సంస్థ సంతకం చేసిన ఫర్మ్‌వేర్ కావాలి. అది లేక నూవో వాటి వేగాన్ని పెంచలేదు. సంస్థ సొంత డ్రైవర్ వేస్తే వేగం వస్తుంది, కానీ అది ఎన్నాళ్లు అందుతుందో సంస్థ చేతిలో ఉంటుంది. 2022 మేలో విడుదలైన ఓపెన్ కెర్నెల్ భాగం జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 శ్రేణుల నుంచే పనిచేస్తుంది.

3. దుకాణంలోనే పరీక్ష

లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి, ఇన్‌స్టాల్ చేయకుండానే దానితో కంప్యూటర్‌ను ఆన్ చేయించండి. సెట్టింగ్స్‌లోని సిస్టమ్ వివరాల్లో గ్రాఫిక్స్ పేరు చూడండి. అక్కడ 'ఎల్ఎల్‌వీఎమ్‌పైప్' అని కనిపిస్తే చిప్ పనిచేయడం లేదని, దాని భారం ప్రాసెసర్‌పై పడుతోందని అర్థం. ఒక వీడియో నడపండి. స్లీప్‌లో పెట్టి తిరిగి లేపండి. తెర రాకపోతే ఆ యంత్రాన్ని వదిలేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒకే ధరకు రెండు పాత కంప్యూటర్లున్నాయి. ఒకదానిలో ఇంటెల్ కోర్ ప్రాసెసర్ గ్రాఫిక్స్, రెండవదానిలో జీటీఎక్స్ 1050 కార్డు ఉన్నాయి. పాఠాల వీడియోలు చూడటానికి, అసైన్‌మెంట్లు రాయడానికి ఓపెన్ డ్రైవర్‌తో ఏది తగినది? ఎందుకు?