వెండితెరపై దాస్యము – నల్లజాతివారి ప్రతిఘటన

దాస్యమును గురించిన చలనచిత్రమును చూచునపుడు ప్రేక్షకుడు అడుగవలసిన మొదటి ప్రశ్న యొకటి గలదు: ఆ కథలో సంకెలలను తెంచినవారెవరు? బానిస పడిన బాధ ఎంత హృదయవిదారకముగా చూపబడినను, ఈ ప్రశ్నకు లభించు సమాధానమును బట్టియే ఆ జాతి మన మనస్సులలో జాలికి పాత్రమగుటయో, గౌరవమునకు పాత్రమగుటయో జరుగును. అమెరికా ఖండములందలి నల్లజాతివారి దాస్యమును గురించి వచ్చిన కొన్ని ముఖ్య చిత్రములను ఈ దృష్టితో పరిశీలింపవచ్చును.

1915లో డి. డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' చిత్రనిర్మాణ నైపుణ్యమున ఆ కాలమునకు మిన్నయైనది. కాని అందు దాస్యము యజమానికిని సేవకునికిని నడుమనున్న ఆప్యాయతగా కనబడును. స్వాతంత్ర్యము పొందిన నల్లవాడు సంఘమునకు పీడగాను, ముసుగులు ధరించి అతనిని హింసించు కూ క్లక్స్ క్లాన్ వారు వీరులుగాను కనబడుదురు. అంతకు పూర్వము అణగిపోయిన ఆ క్లాన్ అదే సంవత్సరమున జార్జియా రాష్ట్రములో మరల తలయెత్తి, జనమును చేర్చుకొనుటకు ఈ చిత్రమును సాధనముగా వాడుకొనెను. తెరపైని అసత్యము తెరపైననే ఆగిపోదని దీనివలన స్పష్టము.

దీనికి ప్రత్యుత్తరము నల్లవారినుండియే వచ్చెను. బానిసగా జన్మించిన తండ్రికి కుమారుడైన ఆస్కార్ మిషో 1920లో 'విదిన్ అవర్ గేట్స్' అను మూకీ చిత్రమును విడుదల చేసెను. తెల్లవారి మూకలు నిరపరాధులను ఉరిదీయు ఘోరమును అతడు దాచక చూపెను. 1919లో చికాగో నగరమున జాతి కలహములు చెలరేగి యుండుటచే అచ్చటి సెన్సారు మండలి దీనిని మొదట నిరాకరించెను. పిమ్మట కనుమరుగైన ఈ చిత్రము అనేక దశాబ్దములకు స్పెయిన్ దేశములో దొరికిన యొక ప్రతివలన బయటపడెను.

1939 నాటి 'గాన్ విత్ ది విండ్'లో బానిసలు యజమానురాలిని విడువని నమ్మినబంట్లు. మామీ పాత్రను ధరించిన హాటీ మెక్‌డేనియల్ ఆస్కార్ బహుమానము పొందిన తొలి నల్లజాతి నటి. అయినను 1940లో ఆ బహుమాన సభయందు ఆమెను వేరొక బల్లవద్ద కూర్చుండబెట్టిరి. అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకు, అచ్చటి వర్ణవివక్ష కారణముగా, ఆమె పోలేకపోయెను.

స్టీవెన్ స్పీల్‌బర్గ్ చిత్రము 'ఆమిస్టాడ్' 1997లో వచ్చెను. 1839లో ఆ పేరుగల ఓడలో 53 మంది ఆఫ్రికా బందీలు సెంగ్బె పియె నాయకత్వమున తిరుగబడి ఓడను వశపరచుకొనిరి. చిత్రము ఆ తిరుగుబాటుతోనే ఆరంభమగును. కాని కథ న్యాయస్థానమునకు చేరి, 1841లో సుప్రీం కోర్టునందు మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ చేసిన వాదముతో పరాకాష్ఠ నందును. ఆ వాదము చరిత్రలో జరిగినదే. అయినను ఓడపై కర్తలైనవారు కోర్టులో తీర్పునకై ఎదురుచూచువారుగా మిగులుదురు.

స్టీవ్ మెక్వీన్ 2013లో తీసిన '12 ఇయర్స్ ఎ స్లేవ్' సాలమన్ నార్తప్ స్వీయకథ. న్యూయార్కు రాష్ట్రమున స్వతంత్రుడైన అతడు 1841లో అపహరింపబడి, లూయిసియానాలో బానిసయై, 1853లో విముక్తుడయ్యెను. ఒక దృశ్యములో అతని మెడకు ఉరి బిగించి, కాలివ్రేళ్లు మాత్రమే బురదను తాకునట్లు వ్రేలాడదీయుదురు. వెనుక తక్కిన బానిసలు తమ పనులలో నుందురు. హింస అచట నిత్యకృత్యమని ఆ యొక్క దృశ్యమే తెలుపును. ఒక తెల్లవాడు పంపిన లేఖ నార్తప్‌ను విడిపించిన మాట సత్యమే. కాని పండ్ల రసమును సిరాగా చేసికొని అతడు రహస్యముగా సాగించిన ప్రయత్నమును కూడ చిత్రము విడువలేదు.

హాలీవుడ్డు వెలుపల తిరుగుబాటే కేంద్రముగా గల చిత్రములు అంతకుముందే వచ్చినవి. క్యూబా దర్శకుడు తోమాస్ గుతియెరెస్ అలెయా 1976లో తీసిన 'ది లాస్ట్ సప్పర్'లో ఒక ప్రభువు పవిత్ర గురువారమున 12 మంది బానిసల పాదములు కడిగి విందు చేయును. మరునాడు వారిని పనికి తరుమగా తిరుగుబాటు చెలరేగును. చంపబడినవారి తలలను కొయ్యలకు గ్రుచ్చుదురు. ఒక కొయ్య మాత్రము ఖాళీగా నుండును. ఆ తల గల బానిస సెబాస్టియన్ కొండలలోనికి తప్పించుకొనెను.

ఇథియోపియాలో జన్మించిన హైలే గెరీమా 1993లో 'సంకోఫా' నిర్మించెను. ఘానాలోని కోటయందు నిలిచిన నేటి నల్లజాతి స్త్రీ పూర్వకాలపు తోటలో బానిసయై, తిరుగుబాటులో పాల్గొనును. పంపిణీదారులు ముందుకు రాకపోగా, గెరీమా తానే థియేటర్లను అద్దెకు తీసికొని ప్రదర్శించెను.

ఈ భేదమునకు కారణము దర్శకుల ప్రతిభ యొక్కటే కాదు. పెట్టుబడి యెవరిది, ప్రేక్షకులుగా భావింపబడినవారెవరు, కథను ఎవరి కంటితో చూచుచున్నారు అనునవి కూడ కారణములు. ప్రతిఘటన యనగా ఆయుధము పట్టుట మాత్రమే కాదు. పారిపోవుట, రహస్యముగా వ్రాయుట, జరిగినదానిని జ్ఞాపకముంచుకొని చెప్పుట కూడ ప్రతిఘటనయే. వీనిని విడిచి బాధను మాత్రమే చూపిన చిత్రము కన్నీరు తెప్పించునే గాని, చరిత్రను సగమే చెప్పును.