గాలపుకఱ్ఱకు ఉంగరములు

అమెరికా తూర్పుతీరమున, కేప్ హాటెరస్ వంటి చోట్ల, ఒడ్డున నిలిచి కెరటముల కావలికి గాలము విసరువారిలో పలువురు తమ కఱ్ఱలను తామే కట్టుకొందురు. అందు దారమును నడుపు ఉంగరముల ఎంపికయే కీలకమని మేమెంతుము.

స్పిన్నింగు రీలునుండి దారము పెద్ద చుట్టలుగా ఎగసివచ్చును. తొలి ఉంగరము చిన్నదై రీలుకు చేరువనున్నచో చుట్టలు దానిని ఒరసి వేగము చచ్చును. కావున అచట పెద్దది, పైకి పోనుపోను చిన్నవి అమర్చవలెను. కొనయందు బరువు కూడదు. అట్లని మరీ సన్ననివియు తగవు. విసురు తాకిడికి ఓర్చు లావుదారమును సన్నదారమునకు కలిపిన ముడి అందు చిక్కినచో, దారము తెగి సీసపుగుండు ప్రక్కవారిపైకి దూసుకొనిపోవచ్చును!

అల్లికదారమునకు సిలికాన్ కార్బైడు వలయములే మేలు. మెత్తని లోహమును అది కోసివేయును. ఉంగరములను బిగించి కట్టుటకు ముందు టేపుతో అంటించి కఱ్ఱను వంచి చూడుడు. దారము వంపును అనుసరింపక తిన్నగా సాగినచోట మరియొక ఉంగరము వలయును.