అరవై ఐదు దాటినోళ్లకు లివర్ మార్చొద్దా?

పంజాగుట్ట నిమ్స్ గేటు కాడ పొద్దుగాల నిలబడి చూడుండ్రి. చేతుల ఫైలు, చంకల దుప్పటి పట్టుకొని జిల్లాల నుంచి దిగేటోళ్లు మస్తు మంది. అండ్ల లివర్ చెడిపోయిన పెద్దమనుషులు గూడ ఉంటరు. "లివర్ మార్చాలె" అని డాక్టర్ చెప్పినంక ఇంట్ల లేసే మొదటి మాట, "ఈ వయసుల గంత పెద్ద ఆపరేషన్ అవసరమా?" ముసలాయన గూడ గదే అంటడు: "బతికినంత బతికిన, నాకెందుకు బిడ్డా!"

ఒక్క వయసు జూసి దీనికి జవాబు చెప్తే తప్పయితది. అట్లని ఎవరికైనా చెయ్యాల్సిందే అంటే గూడ తప్పే. మరి డాక్టర్లు ఎట్ల తేలుస్తరు?

రూలు ఏమంటది?

బ్రెయిన్ డెడ్ అయినోళ్ల అవయవాలను పంచే జీవన్‌దాన్ మన దగ్గర 2013 నుంచి నడుస్తుంది. దాని ఆఫీసు నిమ్స్‌లనే ఉంది. దవాఖాన ద్వారా అండ్ల పేరు రాయించుకోవాలె. ఇదివరకు జాతీయ సంస్థ నోట్టో గైడ్‌లైన్స్ ప్రకారం 65 ఏండ్లు దాటినోళ్లు పేరు రాయించుకునే వీలే లేకుండె. 2023 ఫిబ్రవరిల కేంద్రం ఆ గీత తీసేసింది. ఇప్పుడు 68 ఏండ్ల తాత గూడ లైన్ల నిలబడొచ్చు. కని లైన్ల నిలబడుడు వేరు, లివర్ అందుడు వేరు. ఇచ్చేటోళ్లు తక్కువ, ఎదురుచూసేటోళ్లు ఎక్కువ.

డాక్టర్లు ఏం జూస్తరు?

మొదలు జూసేది, మార్చకుంటే మనిషికి ఎంత ప్రమాదమని. దీనికి మెల్డ్ స్కోర్ అని ఒక లెక్క ఉంది. రక్తంల బిలిరుబిన్, క్రియాటినిన్, ఐఎన్ఆర్, సోడియం జూసి 6 నుంచి 40 దాకా నంబర్ ఇస్తరు. నంబర్ పెరిగితే ప్రమాదం పెరిగినట్టు. అమెరికాల 2002 నుంచి లివర్లు పంచేది ఈ తీరు లెక్కతోనే. అండ్ల వయసు అనే గడే లేదు.

తర్వాత జూసేది, ఒళ్లు తట్టుకుంటదా అని. గుండె, కిడ్నీలు, ఊపిరితిత్తులు, షుగర్ పరీక్షలు చేస్తరు. కండల బలం గూడ కొలుస్తరు. చేతి పట్టు ఎంతుంది, చేతులు ఆనకుండ కుర్చీలకెళ్లి ఐదుసార్లు లేస్తడా, కాళ్లు దగ్గర వెట్టి తూలకుండ నిలబడ్తడా అని జూస్తరు. పొలం దాకా నడిచిపోయే 70 ఏండ్ల మనిషి, మంచం దిగలేని 55 ఏండ్లాయన కన్నా బాగ తట్టుకోవచ్చు. కని వయసు ఊకెనే పోదు. గుండె, కిడ్నీల జబ్బులు వయసుతోనే జమైతయ్. లివర్ మార్చినంక బతికినన్ని రోజులు మందులు మింగాలె. ఆ మందులతోటి ఇన్ఫెక్షన్లు, కిడ్నీ సమస్యలు వచ్చే భయం ఉంటది.

లెక్క గూడ తప్పొచ్చు

బ్రిటన్‌ల 2018ల కొత్త పద్ధతి తెచ్చిన్రు. ఎవరికి లివర్ ఇస్తే ఎక్కువ రోజులు కలిసొస్తయో కంప్యూటర్ లెక్క కడ్తది. కని అది జూసేది ఐదేండ్ల దాకనే. 30 ఏండ్ల పిల్లగాడు ఆ తర్వాత ఇంకో 30 ఏండ్లు బతికినా లెక్కల రాదు. దాంతోటి వయసుల ఉన్నోళ్లు పెద్దోళ్ల కన్నా ఎక్కువ రోజులు ఎదురుచూడాల్సి వచ్చిందని అక్కడ పెద్ద గొడవే అయింది. అంటే మిషన్ చెప్పినా, వెనుక ఎవరో మనిషి పెట్టిన గీతే ఉంటది.

ఇంట్లోళ్లు ఇస్తే?

మన దేశంల లివర్ మార్పిడి ఎక్కువగ బతికున్న ఇంటోళ్లు ఇచ్చిన ముక్కతోనే అయితది. ఇచ్చినోళ్లకు మల్ల పెరుగుతది. అమ్మానాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు, పిల్లలు, ఆలుమొగలు ఇయ్యొచ్చు. 2025 మార్చిల మన అసెంబ్లీ కేంద్ర చట్టాన్ని ఒప్పుకున్నంక మనుమలు, మనుమరాండ్లు గూడ దగ్గరి చుట్టాల లెక్కల చేరిన్రు. 18 ఏండ్లు నిండాలె.

ఇండ్ల వేరే పేషెంట్ వాటా పోదు. కని సక్కగున్న మనిషి కోత టేబుల్ ఎక్కాలె. వెయ్యి మంది ఇస్తే ఇద్దరి నుంచి ఐదుగురి దాకా పానం పోయే ప్రమాదం ఉందని డాక్టర్లు చెప్తరు. 72 ఏండ్ల తండ్రి కోసం, ఇద్దరు చిన్నపిల్లలున్న కొడుకు గిది ఆలోచించాలె. ఊరోళ్లు ఏమంటరో అని తలూపొద్దు. ఇంటి ఆడోళ్లను ముందుకు నూకొద్దు. బతికుండి అవయవాలు ఇచ్చేటోళ్లల్ల ఇప్పటికే ఆడోళ్లే ఎక్కువ. ఇయ్యాలని లేకుంటే డాక్టర్‌కు ఒంటరిగ చెప్పే హక్కు మీకుంది.

డాక్టర్‌ను అడగాల్సినయ్

మెల్డ్ స్కోర్ ఎంత? మార్చకుంటే ఏమైతది? మార్చినంక నాయిన తన పని తను చేసుకుంటడా, లేక మంచానికే ఉంటడా? ఆరోగ్యశ్రీ ఎంతవరకు ఇస్తది? 2023 డిసెంబర్‌ల దాని హద్దు 10 లక్షలకు పెంచిన్రు. ఆ తర్వాత మందులకు ఎంతయితదో గూడ అడగుండ్రి.

అన్నిటికన్నా ముందు నాయినను పక్కన కూసోబెట్టుకొని అడగుండ్రి. "నాకెందుకు బిడ్డా" అన్నది నిజంగ వద్దనా, మీకు ఖర్చయితదన్న భయమా? ఖర్చు భయమే అయితే దాన్ని వయసు మీదికి నెట్టొద్దు. నిజంగ వద్దనుకుంటే గూడ ఆ మాటకు విలువ ఇయ్యాలె.