మీకు తెలుసా? కారు ఆగినా చక్రం ఆగదు!

ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో కారు బొమ్మకు నాలుగు చక్రాలు కావాలంటే ఒక్కటి గీస్తే సరిపోయేది. దాన్ని ‘మూవీ క్లిప్’గా మార్చి లైబ్రరీలో పెడితే, స్టేజీ మీదికి ఎన్నిసార్లు లాగినా ఫైల్లో దాచే బొమ్మ ఒక్కటే. డయలప్ ఇంటర్నెట్ రోజుల్లో అది చిన్న లాభం కాదు. ఆ చక్రాలను కారు క్లిప్‌లో, కారును వీధి క్లిప్‌లో ఇమడ్చే వీలుండేది.

అసలు తమాషా ఏమిటంటే, ప్రతి మూవీ క్లిప్‌కూ సొంత టైమ్‌లైన్ ఉండేది. కారు టైమ్‌లైన్‌కు ‘స్టాప్’ ఆదేశమిచ్చినా లోపలి చక్రం గిర్రున తిరుగుతూనే ఉండేది! దాన్ని ఆపాలంటే ఫ్లాష్ ప్రోగ్రామింగ్ భాష యాక్షన్‌స్క్రిప్ట్‌లో వీధి, కారు, చక్రం పేర్లను వరసగా చుక్కలతో కలిపి పిలవాల్సి వచ్చేది. స్టేజీ మీది క్లిప్‌కు పేరు పెట్టడం మరిస్తే, యాక్షన్‌స్క్రిప్ట్ 2 కనీసం తప్పని కూడా చెప్పేది కాదు. చక్రం తిరిగేది, రాసినవాడు తల పట్టుకునేవాడు.

ఈ పేర్ల దారిని ‘రూట్’ (ప్రధాన టైమ్‌లైన్) నుంచి రాస్తే మరో చిక్కు. ఆ ఫైలును ఇంకో ఫైల్లోకి లోడ్ చేయగానే రూట్ మారిపోయి దారి తప్పేది. ఫ్లాష్ ప్లేయర్ 7లో రూట్‌ను మారకుండా పట్టి ఉంచే ‘లాక్‌రూట్’ వచ్చింది అందుకే.